వైద్యశాస్త్ర తపస్వి డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు

గ్రంథాలయమున జీవితచరిత్రల బీరువా తెరచినచో రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు, దేశభక్తుల చరిత్రలు వరుసగా కానవచ్చును. సభలయందు మాటలాడినవారిని, యుద్ధములయందు పోరాడినవారిని లోకము త్వరగా గుర్తించును. తలుపులు మూసికొని, గాజుగొట్టముల నడుమ కూర్చుండి, పరుల బిడ్డల ప్రాణముల కొరకు తన యాయువును వెచ్చించినవానిని గుర్తించుటకు చాలకాలము పట్టును. అట్టి మహనీయులలో మన తెలుగువారొకరు కలరు. వారు భీమవరమున జన్మించి, అమెరికాలో గతించిన డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

నేడు ఏ దేశమునందైనను పసిబిడ్డకు ల్యుకేమియా, అనగా రక్తపు కాన్సరు, వచ్చినచో వైద్యులు వాడు మందులలో ముఖ్యమైన దొకటి వీరి ప్రయోగశాలనుండి వెలువడినది. ఆరోగ్యకేంద్రమున గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి యిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రవెనుక వీరి కృషి యున్నది. బోదకాలు నివారణకై 2004 మొదలు మన జిల్లాలలో ఇంటింటికి తిరిగి పంచిన మాత్రవెనుకను వీరి కృషియే యున్నది. ఆ మాత్రలు మ్రింగినవారిలో వీరి పేరు విన్నవారెందరు? ఈ సంచికయందు వారి జీవితమును సంగ్రహముగా చెప్పుట మన విధి యని తలచి యీ వ్యాసమునకు పూనుకొంటిని.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యమువలన ఆయన ముందుగనే ఉద్యోగము విరమింపవలసివచ్చెను. సంతానము పెద్దది, రాబడి చిన్నది. బాలుడైన సుబ్బారావునకు చదువుమీద మొదట మనసు నిలువలేదు. పదుమూడవయేట ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని బయలుదేరెననియు, నిడదవోలునొద్ద పట్టుబడి యింటికి మరలింపబడెననియు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదివిన పిదప మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. రెండుమార్లు తప్పిన బాలుడు మూడవమారు పరీక్షకు కూర్చుండుట వెనుక తల్లి పట్టుదల యున్నది. వెంకమ్మగారు ఆనాడు నిరాశపడి యుండినచో, తరువాతి కథ యేదియు లేకపోయి యుండును.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదువుచుండగా రామకృష్ణ మఠమువారి సాంగత్యము లభించి, సన్యసింపవలెనను కోరిక జనించెను. తల్లి అనుమతింపలేదు. తల్లి అనుమతి లేనిదే సన్యాస మిచ్చుటకు మఠమువారును అంగీకరింపలేదు. వైద్యము చదివినచో ప్రజాసేవ చేయవచ్చునని పెద్దలు బోధింపగా మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. చదువు ఖర్చులకు మిత్రులు తోడ్పడిరి. అనపర్తి వాస్తవ్యులైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో వారి కుమార్తెతోనే సుబ్బారావుగారి వివాహము జరిగెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు విదేశీ వస్త్రములను విడిచి, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లిరి. శస్త్రవైద్యాచార్యునికి ఇది కోపకారణమయ్యెను. మిగిలిన విషయములలో చక్కగా చదివినను, తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, అంతకు తక్కువదిగా నెంచబడు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చేరుటకు చేసిన యత్నమును ఫలింపలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపాధ్యాయులుగా చేరిరి.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. సుబ్బారావుగారి సోదరులిద్దరు, పురుషోత్తము, కృష్ణమూర్తి యనువారు, ఎనిమిది దినముల వ్యవధిలో ఒకే రోగమునకు బలియైరి. అది ఉష్ణమండల దేశములలో కనిపించు స్ప్రూ అను వ్యాధి. మన వైద్యులు దీనిని గ్రహణి లక్షణములుగల రోగముగా చెప్పుదురు. తిన్న యన్నము ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, నాలుక పూయును, రక్తము పలుచనై మనిషి పాలిపోయి క్షీణించును. సుబ్బారావుగారికిని ఇదే రోగము సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన వారు బ్రదికిరి. కాని ఆ రోగమెందువలన వచ్చునో, తనకు కుదిరిన దెట్లో, సోదరులు పోవుటకు కారణమేమో ఎవరును చెప్పజాలకపోయిరి. కారణము తెలిసికొనవలెనను తపన వారిని జీవితాంతము విడువలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థవారి సహాయ వాగ్దానముతోను, మామగారు సమకూర్చిన ధనముతోను, 1920వ దశకపు తొలి సంవత్సరములలో సుబ్బారావుగారు అమెరికాకు బయలుదేరి బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివి డిప్లొమా పొందిరి. మన దేశపు పట్టముతో అక్కడ వైద్యవృత్తి చేయుటకు వీలులేకపోయెను. పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్ర పాత్రలను మోసి శుభ్రపరచు పని చేసిరి. పగలు చదువు, రాత్రి యీ పని. సనాతన కుటుంబమున పుట్టి, వైద్యపట్టము పుచ్చుకొన్న వ్యక్తి ఆ పనికి సిగ్గుపడలేదు.

పిదప హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను పండితునియొద్ద చేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు వీరిరువురును కనిపెట్టిన పద్ధతి 1925లో ప్రకటింపబడెను. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని దానికి పేరు. జీవరసాయనశాస్త్ర విద్యార్థులు తరతరములుగా దానిని నేర్చుకొనుచు వచ్చిరి. కొలత చేతికి వచ్చిన వెనుక కండరములలోని భాస్వర సంయోగములను వెదకిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఎ.టి.పి., అను పదార్థమును ప్రకటించిరి. ఎ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా కనుగొనెను. మనము కాలు కదపుటకు, చేయి యెత్తుటకు కండరమునకు శక్తి లాక్టిక్ ఆమ్లమునుండి వచ్చునని అంతకుముందు శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. ఆ పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతియు లభించి యుండెను. భాస్వర సంయోగములు బయటపడుటతో ఆ సిద్ధాంతము మారవలసివచ్చెను. ప్రాణికోటికంతకు ఎ.టి.పి. చలామణి నాణెమువంటిదని నేడు పాఠశాల విద్యార్థియు ఎరుగును.

1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. అయినను హార్వర్డునందు వారికి స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. వారి పరిశోధనలలో కొన్ని ఆ ప్రయోగశాల నాలుగు గోడలు దాటి వెలికిరాలేదు. తరువాతి కాలమున నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఆ దినములలో అక్కడనే విద్యార్థి. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను ఏండ్ల తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చెననియు, ఫిస్కే వానిని ప్రకటింపనీయకపోవుటయే కారణమనియు హిచింగ్స్ చెప్పియున్నారు. సుబ్బారావుగారు మాత్రము తమ ఘనతకై బహిరంగముగా వాదులాడిన మనిషి కాదు.

1940లో వారు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను చిన్న పట్టణములో నున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. కొలదికాలమునకే పరిశోధనశాఖకు అధిపతియైరి. అక్కడ వారికి పరికరములు దొరికెను, సహాయకులు దొరికిరి. అన్నిటికంటె ముఖ్యముగా, తమ సోదరులను పొట్టనబెట్టుకొన్న రోగమును వెంటాడుటకు అవకాశము దొరికెను.

దాని పూర్వకథ మన దేశముననే ఆరంభమైనది. 1928 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు బీద గర్భిణులకు వచ్చు పాండురోగమును పరీక్షించెను. ఈస్టునుండి తీసిన సారము తినిపించినచో వారికి రక్తము పట్టుచున్నదని ఆమె కనిపెట్టెను. ఆ సారములోని గుణకారి పదార్థ మేదియో తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి పదార్థమును స్వల్పముగా సంపాదించి, ఆకుకు సంబంధించిన లాటిను పదమునుండి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాలేయమునుండియు ఈ పదార్థమును తీయవచ్చును. కాని రోగులందరకు సరిపోవునంత తీయుట ఎవరి తరము? దాని నిర్మాణమును గ్రహించి, ప్రయోగశాలలోనే తయారుచేయవలెను. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ రసాయనికులు 1945లో ఈ కార్యమును సాధించిరి. ఆ వెంటనే క్యూబా మొదలగు ఉష్ణదేశములలో స్ప్రూ రోగులకు దీనినిచ్చి చూడగా, పాలిపోయిన ముఖములకు రక్తము వచ్చెను, ఆకలి పుట్టెను. సోదరులు పోయిన ఇన్ని యేండ్లకు వారి రోగమునకు మందు దొరికెను. ఆ నాడు సుబ్బారావుగారి మనసులో ఏమి మెదలెనో ఊహించుట కష్టము కాదు.

ఇక ల్యుకేమియా సంగతి. మన రక్తమంతయు ఎముకలలోని మూలుగయందు తయారగును. ల్యుకేమియాయందు ఒకజాతి తెల్లకణములు పక్వముకాకయే హద్దులేకుండ వృద్ధిపొంది మూలుగను ఆక్రమించును. ఎఱ్ఱకణములకు చోటుండదు, బిడ్డ తెల్లబోవును. మంచి తెల్లకణములుండవు, జ్వరములు చుట్టుకొనును. రక్తమును గడ్డకట్టించు సూక్ష్మకణములు నశించును, చిగుళ్లనుండి, ముక్కునుండి నెత్తురు కారును, ఒంటిపై కమిలిన మచ్చలు లేచును. 1947వ సంవత్సరమువరకు ఈ రోగము సోకిన బిడ్డ సాధారణముగా కొలది వారములలోనో, నెలలలోనో చనిపోవుచుండెను. రక్తమెక్కించుట, తల్లిదండ్రుల నోదార్చుట తప్ప వైద్యుని చేతిలో ఏమియు లేకుండెను.

బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను డాక్టరుండెను. చనిపోయిన బిడ్డల శరీరములను పరీక్షించి రోగకారణమును చెప్పుట ఆయన వృత్తి. చనిపోయిన వెనుక చెప్పుటకంటె బ్రదికియుండగానే ఏదైన చేయరాదా యని ఆయన తహతహ. సుబ్బారావుగారి ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థములను రోగులకిచ్చి చూడగా, ల్యుకేమియా తగ్గకపోగా వేగముగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. నిరాశ కలిగింపవలసిన యీ ఫలితమే దారి చూపెను. ఫోలిక్ ఆమ్లము రోగకణమునకు ఎరువైనచో, ఆ ఎరువు దానికి అందకుండ చేసినచో ఏమగును?

కణము రెండుగా చీలుటకు ముందు తన వంశబీజమును, అనగా డి.ఎన్.ఎ.ను, రెట్టింపు చేసికొనవలెను. దానికి ఫోలిక్ ఆమ్లము కావలెను. సుబ్బారావుగారి బృందమువారు ఫోలిక్ ఆమ్లమును అన్నివిధముల పోలియుండి, ఒకటిరెండు చోట్ల మాత్రము మార్పుగల పదార్థములను తయారుచేసిరి. ఒడ్లలో తాలు చూచుటకు గింజవలెనే యుండును, లోపల బియ్యముండదు. ఈ పదార్థములును అట్టివే. కణములోని ఎంజైము దీనిని నిజమైన ఫోలిక్ ఆమ్లమని భ్రమించి పట్టుకొనును, మరల విడువలేదు. పని ఆగిపోవును, కణము చీలలేక నశించును. ఇట్టి పదార్థములలో బలమైనది అమైనాప్టెరిన్.

1947 చివరిదినములలో ఫార్బరు దీనిని పిల్లలకిచ్చుట ఆరంభించెను. 1948 జూన్ 3వ తేదీన ఆ ఫలితములు న్యూ ఇంగ్లాండు వైద్యపత్రికలో వెలువడెను. తీవ్రమైన ల్యుకేమియాతో నున్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. ఉబ్బిన ప్లీహము తగ్గెను, రక్తకణముల లెక్క సరిపడెను, మంచమునంటిన బిడ్డలు లేచి ఆడుకొనసాగిరి. కాని ఈ గుణము తాత్కాలికము. నెలలు గడచుసరికి రోగము తిరుగబెట్టెను. మందువలన నోటిపూత మొదలగు బాధలును కలిగెను. అయినను, రక్తపు కాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారి రుజువయ్యెను. అంతవరకు మూసియున్న తలుపు జానెడు తెరచుకొనెను. ఆ వ్యాసకర్తల పట్టికయందు సుబ్బారావుగారి పేరు లేదు.

అమైనాప్టెరిన్‌కంటె కొంత సౌమ్యమైన దానిని, మెథోట్రెక్సేట్ అను దానిని, లెడర్లీవారే తయారుచేసిరి. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో దీనితోనే గర్భాశయమునకు సంబంధించిన ఒకజాతి కాన్సరు కుదిరెను. ఇంతలో హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అనువారు మెర్కాప్టోప్యూరిన్ అను మరియొక మందును కనిపెట్టిరి. ఒక్క మందుకు లొంగని రోగము పలుమందులకు లొంగవచ్చునని 1960వ దశకమున అమెరికా వైద్యులు నాలుగైదు మందులను కలిపి యిచ్చుట మొదలిడిరి. నెత్తురు కారి చనిపోవు బిడ్డలకు రక్తమునుండి సూక్ష్మకణములను వేరుచేసి యెక్కించుటయు నేర్చిరి. మెదడులో దాగిన రోగకణములను చంపుటకు వెన్నెముకలోని ద్రవమునందు మెథోట్రెక్సేట్‌ను ఎక్కించిరి. ఇట్లు మెట్టుమీద మెట్టు కట్టగా, నేడు సంపన్నదేశములలో ఈ రోగము సోకిన పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు. రోగము కనబడకుండ పోయిన వెనుకను రెండేండ్లకు పైబడి వారమునకొకసారి మెథోట్రెక్సేట్, ప్రతిదినము మెర్కాప్టోప్యూరిన్ ఇచ్చుట నేటికిని చికిత్సలో భాగము. మన దేశమున రోగమును ఆలస్యముగా గుర్తించుటవలనను, జ్వరము తగ్గినది గదా యని చికిత్స నడుమ మానుటవలనను ఇంకను ఎందరో బిడ్డలు పోవుచున్నారు. ఈ మాట చదువరులు గుర్తుంచుకొని, అవసరమైనచోట నలుగురకు చెప్పవలెను.

సుబ్బారావుగారి కృషి దీనితో ముగియలేదు. దోమలవలన వ్యాపించి, గోదావరీ తీరమున ఎందరినో అవిటివారిని చేసిన బోదకాలు వ్యాధిక్రిములను చంపు డైఇథైల్ కార్బమజీన్ వీరి బృందమువలననే 1947లో లోకమునకు తెలిసెను. దీనికే హెట్రజాన్ అని వ్యాపారనామము. డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ వీరి శాఖలోనే పనిచేసి, మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో ప్రకటింపబడిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతి మందులకు ఆద్యము.

ఇంత సాధించిన వ్యక్తి స్వదేశమునకు తిరిగి రానేలేదు. కొలది సంవత్సరములలో వత్తునని చెప్పి వెడలినవారు పనిలో మునిగి, ఒకదానివెంట ఒకటి పరిశోధన తరుముచుండగా అక్కడనే నిలిచిపోయిరి. ఇచ్చట భార్య ఎదురుచూచుచునే యుండెను. లోకమునకు మేలుచేసిన యీ తపస్సునకు మూల్యమును ఆ యిల్లాలును చెల్లించెనని మనము మరువరాదు. అమెరికాలో నున్నను సుబ్బారావుగారు ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. నడివయస్సున విమానము నడుపుటయు నేర్చిరి. పత్రికలవారికి దూరముగా నుండిరి. సహోద్యోగుల పేర్లను ముందు నిలిపి తాము వెనుక నిలుచుట వారి స్వభావము.

1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే గుండె ఆగి వారు మరణించిరి. అప్పటికి వయస్సు 53 సంవత్సరములు. ఫార్బరు వ్యాసము వెలువడి రెండునెలలు మాత్రమే గడచెను. మెథోట్రెక్సేట్‌తో రోగులు కుదురుట వారు చూడలేదు. ల్యుకేమియా నుండి బయటపడిన పిల్లలు పెరిగి పెద్దవారై, తమ బిడ్డలను ఎత్తుకొనుట వారు చూడలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు వీరి పేర సుబ్బారోమైసిస్ అని నామకరణము జరిగెను. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. పెద్ద బహుమతులేవియు వారికి రాలేదు.

ఈ గ్రంథాలయమునకు సాయంకాలములయందు వచ్చు విద్యార్థులలో పరీక్ష తప్పినవారుందురు, ఇంటి బీదతనమువలన చదువు మానవలసివచ్చునేమోయని దిగులుపడువారుందురు. మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పిన భీమవరపు బాలుని కథ వారికి తెలియవలెను. సోదరుల మరణమునకు విలపించి ఊరకుండక, ఆ మరణమునకు కారణమేమని జీవితాంతము ప్రశ్నించిన మనిషి యాయన. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగా దొరికినదే నేడు పరదేశముల బిడ్డలకును, మన బిడ్డలకును ప్రాణము నిలుపుచున్నది. వారి చిత్రపటమొకటి మన పఠనమందిరపు గోడమీద నుండుట న్యాయము.